ముప్పై మూడో పేరు

వీలునామా

నేను నలభై ఆరేళ్లవాణ్ణి; నీటిశుద్ధి కేంద్రం కాపలాదారు రెండో కొడుకును; ఒకప్పుడు దూరపు ఈతలో వరుసగా ఐదేళ్లు ఛాంపియన్‌ను; యుద్ధకాలంలో నౌకాదళపు లెఫ్టినెంట్‌ను; నేడు పట్టణపు ఈతకొలనులో పంపుగది చూసుకునే ఉద్యోగిని. దర్జీ కొట్టు మీది గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, పట్టపగలు, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, సొంత దస్తూరితో ఈ వీలునామా వ్రాసి ఇస్తున్నాను. దీనికి ముందు వ్రాసినవి రెండున్నాయి. ఒకటి పెళ్లప్పటిది, రెండోది ఓడ ఎక్కేముందు వ్రాసినది. రెండూ నేటితో రద్దు. ఇందులో వచ్చే వారి పూర్తి పేర్లు, చిరునామాలు జతపరచిన పట్టికలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం వారిని నేను రోజూ అనుకునే తీరునే పేర్కొంటాను.

నా బుద్ధి నిలకడగా ఉంది. ఈ మాట ప్రతి వీలునామాలోనూ ఉంటుంది, రుజువు మాత్రం ఎవరూ చూపరు. నేను చూపుతున్నాను. ఈ ఉదయం పంపుగదిలో ఆరు మీటర్ల రీడింగులు తీసుకున్నాను. నాలుగోది తప్పు చూపిస్తోందని కనిపెట్టి, విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించాను. ఒక్క మర కూడా మిగల్లేదు. ఇంటికి వచ్చి ఇరవై నాలుగు మేడమెట్లు ఎక్కాను, నడుమ రెండుసార్లు ఆగాను. ఆగడం శరీరానికి సంబంధించిన సంగతి, బుద్ధికి కాదు. ఐదేళ్ల కిందట మింగిన నూనెతో నా కుడి ఊపిరితిత్తి పాడైంది. గుండె కూడా అలసిపోయిందని, నీళ్లలో దిగితే తాను బాధ్యుణ్ణి కానని డాక్టరుగారు వ్రాసి ఇచ్చారు. ఆ కాగితం ఈ బల్ల సొరుగులో ఎడమవైపు ఉంది. దాన్ని చదివాను, అర్థం చేసుకున్నాను, ఒప్పుకోను.

వచ్చే గురువారం ఉదయం ఏడు గంటల నలభై మూడు నిమిషాలకు రేవు ముఖద్వారం బయట నేను నీళ్లలోకి దూకుతాను. తిరిగి వస్తే ఈ కాగితాలు సొరుగులోనే ఉంటాయి. రాకపోతే అమలులోకి వస్తాయి. ఎందుకు దూకుతున్నానో వారసులకు తెలియాలి. లేకపోతే వారు దీన్ని పిచ్చివాడి వ్రాతగా కోర్టులో కొట్టివేయించగలరు.

ఐదేళ్ల కిందట, శత్రువు సముద్రంలో వదిలిన మైన్లను ఏరివేసే చిన్న ఓడలో నేను రెండో అధికారిని. మొత్తం ముప్పై ముగ్గురం. రేవు బయట లంగరు వేసి ఉన్నాం. ఏడు నలభై ఒకటికి ఒక మైను మా ముందుభాగానికి తగిలి పేలింది. రెండు పడవలూ ముక్కలయ్యాయి. మాలో సగం మందికి ఈత రాదు. ఓడ ఉద్యోగాలలో ఇది మామూలు విషయమే, బయటివారు నమ్మరు. నేను నడుముకు తాడు కట్టుకుని ఏడు నలభై మూడుకు దూకాను. అలలను ఆపే రాతిగోడ దాకా ఈది, మెట్ల దగ్గరున్న ఇనుప కడియానికి ఆ తాడు కట్టాను. రెండో కొస ఓడకే కట్టి ఉంది. మనుషులు దాన్ని పట్టుకుని ఒకరి వెనక ఒకరు గోడవైపు రాసాగారు. ఎనిమిదీ ఏడుకు ఓడ మునిగింది. ఈ సమయాలన్నీ రేవు గోపురంలోని కాపలావాడు గడియారం చూసి వ్రాసినవి. వాటి మీద ఎవరికీ తగాదా లేదు. నేను దూకిన క్షణం నుంచి ఓడ మునిగే క్షణం దాకా ఇరవై నాలుగు నిమిషాలు.

తాడు కట్టాక నేను గోడ మీద కూర్చోలేదు. తాడు పక్కనే ఎదురుగా ఈదుతూ వచ్చేవారి తలలు లెక్కపెట్టాను. లెక్కపెట్టడం నాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. ముప్పై ఒక్క తలలు. నాతో ముప్పై రెండు. లేనిదెవరో తెలియడానికి హాజరుపట్టీ అవసరం కాలేదు.

లేనివాడు ఇంజిన్‌కు బొగ్గువేసే మనిషి. ఓడలో అందరికీ బొగ్గుబావ. డెక్ మీద నన్ను సార్ అనేవాడు, ఇంజిన్ గదిలోకి దిగితే బావమరిదీ అనేవాడు. అతనికి ఈత రాదు. నీళ్లంటే భయమా అని ఎవరైనా వేళాకోళమాడితే, భయం కాదు, మర్యాద అనేవాడు. యుద్ధం అయ్యాక నేర్పుతానని మాట ఇచ్చాను.

నేను ఓడ చేరేసరికి డెక్ అంచును నీళ్లు తాకుతున్నాయి. ఇంజిన్ గది పైకప్పు అద్దం పగలగొట్టి చూశాను. నడుంలోతు నీళ్లలో నిలబడి, నీళ్లు తోడే పంపు మీటను రెండు చేతులతో కిందికి పట్టుకుని ఉన్నాడు. ఆ మీట స్ప్రింగు విరిగి నెల దాటింది. చెయ్యి తీస్తే పంపు ఆగుతుంది. పంపు ఆగితే ఓడ అప్పుడే మునుగుతుంది, తాడును కూడా లాక్కుపోతుంది. అక్కడ అతనికీ నాకూ జరిగిన మాటలను అక్షరం మార్చకుండా ఇక్కడ వ్రాసి, ప్రమాణం చేస్తున్నాను.

"లెక్క తేలిందా బావమరిదీ?" అని అడిగాడు. ముప్పై ఒకటి, నువ్వే తక్కువ, పైకి రా అన్నాను. అందరూ గోడ ఎక్కారా అన్నాడు. సగం మంది ఇంకా తాడు మీదే ఉన్నారన్నాను.

"అయితే నన్ను తర్వాత కలుపుకో. ఇప్పుడు చెయ్యి ఖాళీ లేదు" అన్నాడు.

ఓడ ఒరిగింది. నన్ను నీళ్లు విసిరేశాయి. నూనె మింగింది అప్పుడే.

విచారణ కమిటీ మూడు వారాలు కూర్చుంది. నేను తాడుతో వెళ్లడం నిజమన్నది, దానికి పతకం ఇచ్చింది. నేను తిరిగి రావడం అసంభవమన్నది. పటం మీద దూరం కొలిపించి ఆరు వందల మీటర్లని తేల్చింది. వెళ్లేటప్పుడు పోటు సాయంతో నిమిషానికి యాభై మీటర్లు, వచ్చేటప్పుడు పోటుకు ఎదురుగా నిమిషానికి నలభై, తాడు కట్టడానికి రెండు నిమిషాలు. వెరసి ఇరవై తొమ్మిది నిమిషాలు. అప్పటికి ఓడ మునిగి ఐదు నిమిషాలైంది కనుక నేను ఇంజిన్ గదిలోకి తొంగి చూడటం, మాట్లాడటం కల్పన. నీళ్లలో నేను ఎదురొచ్చానని చెప్పిన ఆరుగురు నావికులకు, ఆ స్థితిలో మనిషికి ఏదైనా కనిపిస్తుందని జవాబు. ఇంజిన్ గది ఖాళీగా ఉన్నట్టు తాను చూశానని కెప్టెన్ చెప్పాడు. దానితో బొగ్గుబావ "పని చోటు విడిచి, ఆచూకీ తెలియకుండా పోయిన వ్యక్తి" అయ్యాడు. కమిటీ నివేదికలో మా ఓడ సిబ్బంది జాబితా ముప్పై రెండు పేర్లతో ఆగింది. రేవు దగ్గర నిలబెట్టిన స్మారక శిల మీద అతని పేరు లేదు.

కమిటీ చేసిన తప్పు ఇది. కెప్టెన్ లాగ్‌బుక్‌లో వ్రాసినది లంగరు పడిన చోటు. పటాల కార్యాలయం గుమాస్తా ఆ గుర్తు నుంచి గోడకు కొలిచాడు. లంగరు వేసిన ఓడ లంగరు మీద కూర్చోదు. పోటు లోపలికి తోస్తున్నప్పుడు గొలుసు పొడవు, ఓడ పొడవు కలిపి నూట అరవై మీటర్లు గోడవైపుకు జరిగి ఉంటుంది. ఈ సంగతి ఓడ ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. కెప్టెన్‌కూ తెలుసు. ఆయన నోరు విప్పలేదు. నేను వ్రాసిన ఉత్తరాలు పదకొండు, వచ్చిన జవాబులు రెండు. రెండోదానిలో పటం తప్పు చెప్పదని ఉంది. నిజమే, తప్పు పటానిది కాదు.

గురువారం పోటు ఎత్తు, వేగం ఆనాటివే. పంచాంగాలు, పోటు పట్టికలు పన్నెండు నెలలవి చూసి ఎంచాను. రేవులో ఓడలకు దారి చూపే పైలట్ ఒక చేపల మరపడవను అదే గుర్తు మీద లంగరు వేయిస్తాడు. మా ఓడ కంటే పడవ పొట్టిది కనుక తేడాకు సరిపడా గొలుసు అదనంగా వదులుతాడు. నేను తాడుతో వెళ్లి, కట్టి, తిరిగి వస్తాను. కమిటీ సభ్యులకు, నౌకాదళ కార్యాలయానికి, పటాల కార్యాలయానికి ఆహ్వానాలు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాయి. రావడం రాకపోవడం వారి ఇష్టం. నీళ్లు మాత్రం ఉంటాయి.

ఇక నా పంపకాలు.

౧. ఈ వీలునామాను నడిపే బాధ్యత నా చెల్లెలిది. ఆమె అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఇందులో అక్షరదోషాలు దిద్దవచ్చు, అభిప్రాయాలు దిద్దరాదు. "వ్రాత"ను "రాత"గా మార్చే అలవాటు ఆమెకుంది, మార్చరాదు. నా ఈత సంగతి తెలిసినప్పుడు మొదట కోప్పడింది, తర్వాత పదకొండు రోజులు మాటలు మానేసింది, పన్నెండో రోజు వచ్చి నా ఈతదుస్తుల నాడా ఊడిందని గమనించి కుట్టి వెళ్లింది. కింద దర్జీ ఉండగా నువ్వెందుకని అడగలేదు. ఈ గది సామాను, రేడియో, కిటికీ పక్క కుర్చీ ఆమెకు. కుర్చీ నాలుగో కాలి కింద మడిచిన కాగితం ఉంది, తీయవద్దు.

౨. నాకేమైనా జరిగితే పైలట్‌ను గానీ, పడవవారిని గానీ, డాక్టరుగారిని గానీ, పడవలో కూర్చుని సమయం చూసే అమ్మాయిని గానీ ఎవరూ ఒక్క మాట అనరాదు. దూకింది నేను.

౩. మా కెప్టెన్‌కు ఒక జాబితా. దీనికి చిన్న సంజాయిషీ ఉంది. విచారణకు ముందు, ఆసుపత్రి మంచం మీద, తాడు వెంట వచ్చిన ముప్పై ఒక్కమంది పేర్లు పెన్సిలుతో వ్రాశాను. నాకు ఎదురైన వరుసలో. కమిటీకి ఇచ్చేముందు శుభ్రమైన ప్రతి తీశాను. శుభ్రమైన ప్రతి అంటే నౌకాదళంలో హోదా వరుస. కెప్టెన్ మొదట, వంటవాడు చివర. నీటుగా ఉందని సంతోషించి పెన్సిలు కాగితం చింపేశాను. నా జీవితంలో చేసిన తప్పుల పట్టికలో అది మొదటిది. మిగతా తప్పులన్నీ కలిపినా దాని బరువు రావు. ఎందుకంటే అసలు వరుసలో కెప్టెన్ మూడో తల. ఓడను అందరి కంటే చివర విడవవలసిన మనిషి ఇరవై ఎనిమిది మంది కంటే ముందు విడిచాడు. అంత ముందు తాడెక్కిన మనిషి ఇంజిన్ గది ఖాళీగా ఉండటం ఎప్పుడు చూశాడు? ఈ ప్రశ్న ఎవరూ అడగకుండా చేసింది నా అందమైన దస్తూరే. అసలు వరుసను జ్ఞాపకం నుంచి మళ్లీ వ్రాశాను. చట్రం కట్టించి ఉంచాను. ఆయన దాన్ని ఏ గదిలో తగిలించుకుంటారో ఆయన ఇష్టం. వంటవాడు ముప్పై ఒకటో తల. ఆఖరున వచ్చింది అతనే. అతనికి నా వందనాలు, నా కొత్త బూట్లు.

౪. నౌకాదళపు సామగ్రి విభాగానికి: ఒక పంపు మీట, స్ప్రింగుతో సహా, పెట్టె విప్పనిది. దీనికోసం నేను మూడు అర్జీలు పెట్టాను. తేదీలు పెట్టె మీద వ్రాశాను. ఓడ మునిగిన తొమ్మిదో రోజున మా ఓడ పేరున వచ్చింది. ముట్టినట్టు సంతకం ఇమ్మని రెండు జాబులు కూడా వచ్చాయి. సంతకం చేయను. వస్తువు వాపసు. పతకం అదే పెట్టెలో పెట్టాను. వెళ్లడాన్ని నమ్మి రావడాన్ని నమ్మని పతకం నాకు సగమే చెందుతుంది, సగం పతకం ఎలా దాచుకోవాలో తెలియదు.

౫. పట్టణపు ఈత సంఘానికి: వారి హాలు ఉత్తరపు గోడకున్న ఒక మేకు. పద్దెనిమిదేళ్లు దాని మీద నా ఫొటో ఉంది. విచారణ తర్వాత సున్నం వేయిస్తున్నామని దింపారు. సున్నం వేశారు, ఎండింది, ఫొటో తిరిగి ఎక్కలేదు. మేకును పీకడం మరిచారు. మొదటిసారి సభ్యత్వం అడిగినప్పుడు, కాపలావాడి కొడుక్కి ఈత దేనికయ్యా, తొట్లు కడగడానికా అని నవ్వినవారు అదే హాల్లో కూర్చున్నారు. ఆ తర్వాత ఐదేళ్లు వారి పక్కవరసలోనే ఈదాను. వాళ్లు నా పాదాలు తప్ప ఏమీ చూడలేదు. మేకును వారి పేరనే వదిలేస్తున్నాను. ఏదైనా తగిలించుకోవచ్చు.

౬. మా అన్నయ్యకు ఒక పుస్తకం. నీటిశుద్ధి కేంద్రం చెత్తబుట్టలో నాకు దొరికిన ఈత పుస్తకం ఇది. నాకు గురువు లేడు, ఇదే గురువు. ఊపిరి ఎలా తీయాలో చెప్పే అధ్యాయం అందులో చినిగిపోయింది. అందుచేత ఊపిరి నేనే కనిపెట్టుకున్నాను, తప్పుగా. జీవితమంతా ఎడమవైపుకే తల తిప్పాను. వంకర ఈతగాడనే పేరు అలా వచ్చింది. వంకరగానే గెలిచాను. పని చేసే ఊపిరితిత్తి ఎడమదే కనుక ఇప్పుడా వంకర కలిసొచ్చిందంటే, రెండిటికీ సంబంధం లేదని డాక్టరుగారు విసుక్కున్నారు. విసుక్కోనివ్వండి.

పుస్తకం అన్నయ్యకు ఎందుకంటే, నేను నిల్వ నీళ్ల తొట్టిలో దొంగగా ఈదుతున్నానని సూపర్‌వైజరుకు చెప్పింది ఆయనే. నాన్నకు మాట వచ్చింది. మేముంటున్న క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. ముప్పై రెండేళ్లు నేను ఆయనతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. పోయిన నెల వదిన వచ్చి చెప్పింది: నేను మునిగినప్పుడల్లా ఆయన గోడ చాటున నిలబడి, తానూ ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేవాడట. ఒకరోజు తన ఊపిరి అయిపోయినా నేను తేలలేదట. భయపడి పరుగెత్తాడట. ముప్పై రెండేళ్లలో ఈ మాట నాకు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు, అడగడానికి నాకు రాలేదు. అన్నయ్యా, ఆ రోజు నేను నూట పన్నెండు దాకా ఉన్నాను. నువ్వు ఎంతదాకా ఉన్నావో పుస్తకం చివరి అట్ట మీద వ్రాసి పెట్టుకో. ఇకనుంచి అది నీది.

౭. ఆరేళ్లు నాతో కాపురం చేసి వెళ్లిపోయిన ఆమెకు: ఒక నోటుపుస్తకం, ఏమీ వ్రాయనిది. మీ జాబితాల్లో నేనెన్నో నంబరు అని ఒకరోజు అడిగింది. అది ఎత్తిపొడుపని తెలియక నేను లేచి నిజంగానే వెతికాను. ఆమె వెళ్లడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. తప్పు నాది.

౮. కింది కొట్టు దర్జీకి నా ఇస్త్రీపెట్టె, గోడ గడియారం. గడియారం రోజుకు నాలుగు సెకన్లు వెనకబడుతుంది. ఆయన బట్టలిచ్చే తేదీలతో పోలిస్తే అది చాలా నమ్మకమైనది.

౯. బొగ్గుబావ భార్యకు. అక్కయ్య నా దగ్గర ఏదీ తీసుకోదు. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లు భంగపడ్డాను. ఇంజిన్ గదిలో అతను టీ తాగే తగరపు గ్లాసు నా దగ్గర ఉంది. చివరిసారి ఒడ్డుకు వచ్చినప్పుడు ఊళ్లో నా గదిలో మరిచిపోయి వెళ్లాడు, అడిగితే ఇద్దామనుకున్నాను. దాని అంచున బొగ్గు వేలిముద్ర ఉంది. నేను కడగలేదు. ఇది ఆమె సొత్తు కనుక ఇవ్వడం కాదు, వాపసు చేయడం. విచారణ తీర్పు చదివి వినిపించిన రోజున ఆ గదిలో ఇరవై మంది ఉన్నారు. అందులో ఒక్కరే అర్థవంతమైన మాట అన్నారు, అది ఆమె. బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి, "పారిపోయేటంత ఈత వస్తే బతికేవాడు కదా తమ్ముడూ" అంది. ఆ ఒక్క వాక్యం కమిటీ నివేదిక నూట నలభై పేజీల కంటే బాగా కొలిచింది.

౧౦. వారి కూతురికి. ఆమెకు పదహారేళ్లు. తండ్రికిచ్చిన మాట కూతురి దగ్గర తీర్చుకుంటానని, కొలను మూసే సోమవారాల్లో ఈత నేర్పాను. నాలుగేళ్లయింది. రెండు వైపులా ఊపిరి తీస్తుంది. నన్ను మామయ్యా అంటుంది, నా వంకర చూసి నవ్వుతుంది. ఆమెకు చెందేవి: నా స్టాప్‌వాచ్, నలభై మూడు ఈత నోటుపుస్తకాలు, పంపుగది తాళంచెవి, పై అధికారి ఒప్పుకుంటే. ఏడో నోటుపుస్తకంలో నేను వ్రాసిన సలహాలన్నీ తప్పు. ఎనిమిదో దానిలో ఎందుకు తప్పో ఉంది. గురువారం పడవలో కూర్చుని సమయం చూసేది ఆమే. వేరెవరినైనా పెట్టమని పైలట్ అన్నాడు. మామయ్య లెక్క తప్పితే నేను చెప్తాను, నేను తప్పితే మామయ్య చెప్తాడు అని ఆమె అడ్డుపడింది. అమ్మాయీ, ఒక్క షరతు. ఎంత వస్తే అంతే వ్రాయాలి.

౧౧. రాళ్లు చెక్కే మేస్త్రికి. గురువారం తర్వాత ముప్పై రోజులు చూడాలి. ఆలోగా నౌకాదళం స్మారక శిల మీద బొగ్గుబావ పేరు చెక్కితే మంచిది. చెక్కకపోతే మేస్త్రి రాతిగోడ దగ్గరకు వెళ్లి, నేను తాడు కట్టిన కడియం పక్కనున్న రాయి మీద ఆ పేరు చెక్కాలి. అక్షరాల ఎత్తు, లోతు విడి కాగితంలో ఉన్నాయి. ప్రభుత్వ ఆస్తిని పాడుచేసినందుకు జరిమానా పడుతుంది, అది నా సొమ్ములోంచి చెల్లుతుంది. చెరిపేస్తే మళ్లీ చెక్కాలి. సొమ్ము ఉన్నంతకాలం చెక్కుతూనే ఉండాలి. ఆ పేరు సీలు వేసిన కవరులో ఉంది. ఈ వీలునామా పది చేతులు మారుతుంది. ఆ పేరు ఇప్పటికే ఒక నివేదికలో నలిగింది, ఇంకో కాగితం మీద నలగడం నాకిష్టం లేదు. రాయి మీదే ఉండాలి.

౧౨. నా దేహం దొరికితే యూనిఫాం వేయకూడదు. బాకాలు వద్దు. దొరకకపోతే దానికోసం ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. నాకోసం ఒక్క మనిషి కూడా తక్కువ కారాదు.

పైన వ్రాసినదంతా చదువుకుని, కొట్టివేతలు లేవని చూసుకుని, నా పూర్తి ఇష్టంతో సంతకం చేస్తున్నాను.

యుద్ధం ముగిసిన నాలుగో ఏడు, ఆరో నెల, పదకొండో తేదీ, సోమవారం.

(సంతకం) వీలునామాదారు

సాక్షులు:
౧. డాక్టరు. బుద్ధికి మాత్రమే సాక్షిని. శరీరం విషయంలో నా అభ్యంతరం అలాగే ఉంది.
౨. దర్జీ. గడియారం గురించిన మాట చదివే సంతకం పెడుతున్నాను.

అనుబంధం

అదే నెల పద్నాలుగో తేదీ, గురువారం, సాయంత్రం నాలుగు గంటలు, ఆసుపత్రి. దస్తూరి నా చెల్లెలిది, మాటలు నావి. కూర్చోవద్దన్నారు కనుక పడుకునే చెబుతున్నాను.

క. నేను బతికే ఉన్నాను. పై అంశాలు ఆగుతాయి, రద్దు కావు.

చ. పట్టిన సమయం ఇరవై ఐదు నిమిషాల పది సెకన్లు. ఇరవై నాలుగు నిమిషాల లోపు రావలసింది, ఒక నిమిషం పది సెకన్లు మించింది. తిరిగి వచ్చేటప్పుడు చివరి వంద మీటర్లలో నాలుగుసార్లు ఆగాను. పడవ అంచు పట్టుకున్నాక అమ్మాయి ముఖం చూసి అడగవలసిన అవసరం లేకపోయింది. "ఎక్కువైంది మామయ్యా" అని, షరతు ప్రకారం ఉన్నది ఉన్నట్టు వ్రాసింది. కమిటీ తరఫున ఒక ఉద్యోగి గొడుగుతో వచ్చి ఉన్నాడు. ఆయనా అదే సమయం వ్రాసుకుని, అయితే ఇక తేలిపోయినట్టే కదా అని చెప్పి, గొడుగు మూసి, కారెక్కాడు.

ట. ఆయన తొందరపడ్డాడు. నేను కట్టిన తాడు ఇంకా కడియం నుంచి పడవదాకా బిగిసి ఉంది. గోడ మీద జనం వెనకాల ఒకతను నిలబడి ఉన్నాడు. ఐదేళ్ల కిందట పటం మీద దూరం కొలిచిన గుమాస్తా అతనే. ఇప్పుడు ఆ కార్యాలయానికి పెద్ద. మెట్లు దిగి వచ్చి, పడవ దగ్గర తాడుకు గుర్తుగా ముడి వేయించి, దాన్ని గోడ మీదకు లాగించి పరిపించాడు. జేబులోంచి ఉక్కు టేపు తీశాడు. తడి రాళ్ల మీద మోకాళ్లతో పాకుతూ ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచాడు. మళ్లీ ఆ కొస నుంచి ఈ కొసకు కొలిచాడు. ఇదంతా పైలట్ చెప్పాడు. నన్ను స్ట్రెచర్ ఎక్కిస్తుండగా దగ్గరికొచ్చి, "లంగరు గుర్తునే ఓడ అనుకున్నానండీ. అప్పటికి నేను ఓడ ఎక్కి ఎరగను" అన్నాడు. నేనూ శుభ్రమైన ప్రతి తీసి ఒక తప్పు చేశానని అతనికి చెప్పాను. ఇద్దరం ఆ విషయం అంతటితో వదిలేశాం.

త. దూరం నాలుగు వందల ముప్పై ఎనిమిది మీటర్లు. కమిటీ తన నోటితో చెప్పిన వేగాలనే తీసుకుంటున్నాను, నావి కాదు. వెళ్లడానికి ఎనిమిది నిమిషాల నలభై ఆరు సెకన్లు. తాడు కట్టడానికి రెండు నిమిషాలు. రావడానికి పది నిమిషాల యాభై ఏడు సెకన్లు. వెరసి ఇరవై ఒక్క నిమిషాల నలభై మూడు సెకన్లు. ఇరవై నాలుగులో మిగిలేది రెండు నిమిషాల పదిహేడు సెకన్లు. నలభై ఆరేళ్ల మనిషి ఒక్క ఊపిరితిత్తితో ఈ రోజు ఎంతసేపు ఈదితే ఎవరికి కావాలి? ఆ రెండు నిమిషాల పదిహేడు సెకన్లు బొగ్గుబావవి. అద్దంలోంచి మేం మాట్లాడుకున్నది అంతసేపే.

ప. పటాల కార్యాలయం పెద్ద తన కొలతను, తన పాత తప్పును తన దస్తూరితోనే కమిటీకి వ్రాశాడు. నకలు దీనికి జతపరచాను. పదకొండో అంశంలోని ముప్పై రోజులు ఈ రోజు నుంచి మొదలు. మేస్త్రి ఉలి సానపెట్టుకునే ఉండాలి.

య. నివేదికలోని ఓడ సిబ్బంది జాబితాకు సవరణ: మొత్తం ముప్పై ముగ్గురు. బావా, కలుపుకున్నాను.

(సంతకం) వీలునామాదారు. పడుకుని పెట్టినా సంతకం నాదే.

సాక్షులు:
౧. డాక్టరు. ఈసారి అభ్యంతరం వ్రాయడం లేదు.
౨. పటాల కార్యాలయం పెద్ద. కొలిచింది నేనే. నాలుగు వందల ముప్పై ఎనిమిది. రెండుసార్లు.